హంసలూ బంట్లూ: 'అగం' తొలి ఆల్బం

హోసూరు వైపు పల్లెనుంచి వచ్చి చదువుకుంటున్న ఒక విద్యార్థిని ఆమధ్య తరగతి అయిపోయాక నా దగ్గరికి వచ్చి సెల్‌ఫోనులో ఒక పాట వినిపించింది. డ్రమ్ములు, ఎలక్ట్రిక్ గిటార్, వాటి మీద కర్ణాటక బాణీలో ఒక గొంతు. పాట మొత్తం ఆమెకు కంఠస్థం. "ఇది ఏ భాష సార్?" అని అడిగింది. తెలుగమ్మా అంటే నమ్మలేదు. "మా అవ్వ ఇట్ల మాట్లాడదే సార్" అంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బస్సులో కన్నడం మాట్లాడే పిల్ల ఆమె. అటువంటి చెవికి కూడా తెలుగు తెలుగుగా వినిపించలేదంటే లోపం ఆమెదా, పాటదా, పాటను మనకు అందించిన సంప్రదాయానిదా అన్న ప్రశ్న నన్ను కొన్నాళ్లు వదలలేదు. ఈ వ్యాసానికి మూలం అదే.

ఆ పాట త్యాగరాజస్వామి హంసనాద రాగ కీర్తన 'బంటురీతి కొలువు'. పాడినది బెంగుళూరు రాక్ బృందం 'అగం'. 2012లో వచ్చిన వారి తొలి ఆల్బం 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్'లో ఈ కీర్తన 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' అన్న పేరుతో చేరింది. గాత్రమూ వయొలినూ హరీశ్ శివరామకృష్ణన్‌వి. కీబోర్డు స్వామి సీతారామన్, గిటార్ ప్రవీణ్ కుమార్, డ్రమ్ములు గణేశ్ రామ్ నాగరాజన్. అదే ఆల్బంలో స్వాతితిరునాళ్ ధనశ్రీ తిల్లానా ఉంది, మల్హార్ పేరు పెట్టుకున్న రచన ఉంది, కేరళ పడవపాటల వరస మీద అల్లిన పాట ఉంది.

ఇలాంటి వాటన్నిటినీ 'ఫ్యూజన్' అనే ఒక్క సంచిలో వేసి ముడి కట్టడం మన పత్రికలకు అలవాటు. ఆ మాట వల్ల ఒరిగేది తక్కువ. రెండు భాషలు మాట్లాడేవారి విషయంలో భాషాశాస్త్రం అడిగే ప్రశ్ననే ఇక్కడా అడగవచ్చు: అతుకు ఎక్కడ పడింది? ఒక వాక్యం తెలుగులో ముగించి, తరవాతి వాక్యం తమిళంలో మొదలుపెట్టడం ఒక పద్ధతి. తమిళ ధాతువుకు తెలుగు ప్రత్యయం తగిలించడం వేరొక పద్ధతి. మొదటిదానిలో రెండు వ్యాకరణాలూ ఒకదానినొకటి తాకవు. రెండవదానిలో రాజీ తప్పదు. కలయిక పేరుతో వచ్చే సంగీతంలో అధికభాగం మొదటి రకం: గాయకుడు ఒక ఆవృత్తం పాడి ఆగుతాడు, గిటార్ ఒక ఆవృత్తం వాయించి ఆగుతుంది, చివర అందరూ కలిసి పెద్దగా చప్పుడు చేస్తారు. 'అగం' బృందం రెండవదానికి పూనుకుంది. అందుకే దానిని పట్టించుకోవాలి.

తిల్లానా గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాను. చాలామంది మెచ్చుకున్నది దానినే. వినడానికి ఉత్సాహంగానే ఉంటుంది. కాని తిల్లానాలో ప్రాధాన్యం జతులది, అంటే మృదంగపు మాటలది. వాటిని డ్రమ్ముల మీదికి దించడం పెద్ద సాహసం కాదు. అర్థం పోతుందన్న బెంగ లేనిచోట పరీక్షా లేదు. పరీక్ష ఉన్నది హంసనాదంలో.

ఈ రాగం ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో షడ్జమం, చతుశ్రుతి రిషభం, ప్రతిమధ్యమం, పంచమం, కాకలి నిషాదం అనే అయిదు స్వరాలది. 60వ మేళకర్త నీతిమతి జన్యం. షట్శ్రుతి ధైవతం కూడా ఉండేదనీ, వాడుకలో జారిపోయిందనీ విద్వాంసులు చెబుతారు. మనం గమనించవలసింది ఇందులో గాంధారం లేదన్న సంగతి. పాశ్చాత్య సంగీతంలో ఒక మెట్టు 'మేజర్' అవుతుందో 'మైనర్' అవుతుందో తేల్చేది గాంధారమే. అక్కడివారికి సంతోషమూ విషాదమూ దాదాపు ఆ ఒక్క స్వరం చేతిలోనే ఉంటాయి. రాక్ గిటార్ వాద్యకారులు మాత్రం డిస్టార్షన్ పెట్టినప్పుడు గాంధారాన్ని తరచు వదిలేస్తారు. గరగరమనే ఆ ధ్వనిలో స-ప జంట శుభ్రంగా నిలుస్తుంది, గాంధారం చేరితే బురద అవుతుంది. స-పలను మాత్రమే మీటే ఈ పద్ధతిని పవర్ కార్డ్ అంటారు.

ఇక లెక్క చూడండి. హంసనాదంలో సకు ప ఉంది. పకు పైస్థాయి రి పంచమంగా అమరుతుంది. నికి ప్రతిమధ్యమం పంచమంగా అమరుతుంది. అయిదు స్వరాలలో మూడింటికి పవర్ కార్డులు రాగం గడప దాటకుండానే దొరికాయి. రికీ మకూ మాత్రం పంచమాలు రాగంలో లేవు. తిరువయ్యారులో కూర్చొని పాడుకున్న మహానుభావుడు గిటార్ గురించి ఆలోచించి ఉండడు, నిజమే. కాని ఏ కీర్తన పడితే ఆ కీర్తన తీసుకొని వెనక డ్రమ్ములు మోగించడానికీ, రెండు వ్యాకరణాలూ ఒకే స్వరాన్ని వద్దనుకునే చోటు చూసి అతుకు వేయడానికీ భేదం ఉంది. తెలిసి ఎంచుకున్నారో, చెవి చెప్పినట్లు నడిచారో, ఎంపిక సరైనది.

ప్రమాదమూ ఇందులోనే ఉంది. ప-ని-రి మూడూ కలిపితే పంచమం ఆధారంగా ఒక నిండు మేజర్ మెట్టు తయారవుతుంది. శ్రుతి గట్టిగా వినిపించకపోతే చెవి పంచమాన్నే షడ్జమం అనుకొనే ప్రమాదం ఉంది. అప్పుడు రాగం పోయి ఒక పాశ్చాత్య గీతం మిగులుతుంది. ఈ పాటలో అది జరగదు. గాత్రం షడ్జమాన్ని వదలదు కనుక.

వయొలిన్ గురించి ఒక మాట. ఈ ఆల్బం విన్నవారు వయొలిన్‌ను 'మన' వైపు, గిటార్‌ను 'వారి' వైపు వేసి మాట్లాడతారు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల వద్ద వయొలిన్ నేర్చి మన కచేరీకి అలవాటు చేసి సుమారు రెండు వందల ఏళ్లే అయింది. అన్నగారు పాశ్చాత్య వరసలకు సంస్కృత సాహిత్యం కట్టి నోట్టుస్వరాలు చేశారు. వలస వచ్చినది ఎన్ని తరాలకు స్థానికమవుతుందన్న ప్రశ్న మన కుటుంబాలలో అప్పుడప్పుడు వచ్చేదే కనుక, ఆ లెక్కలో వయొలిన్‌నూ చేర్చుకోవచ్చు.

ఇంతవరకు మెచ్చుకోలు. ఇక నా అభ్యంతరం.

'స్వాన్స్ ఆఫ్ సరస్వతి' అన్న పేరు రాగం పేరులోని హంసను పట్టుకొని పుట్టింది. సాహిత్యంలో హంస లేదు, సరస్వతి లేదు. ఉన్నవాడు బంటు. రాముడి దగ్గర కొలువు అడుగుతున్నాడు. కొలువుకు కావలసిన సరంజామా కూడా తనే చెప్పుకుంటాడు: ఒళ్లు గగుర్పొడవడమే కవచం, భక్తుడన్న గుర్తింపే బిళ్ల, రామనామమే కత్తి. ఇంత యుద్ధసామగ్రి ఉన్న కీర్తనకు రాక్ బృందంకన్న తగిన వాద్యసమ్మేళనం ఏముంటుంది? అయితే విన్న తరవాత చెవిలో మిగిలేది హంసనాదమే, బంటు కాడు. పేరు పెట్టడంలోనే అతణ్ణి వదిలేశారు. సంగం కవితలో అకం, పురం అని రెండు పాయలు. అకం లోపలి అనుభూతి, పురం బయటి వీరం. బంటు చేసేది పురం వేషంలో అకం చెప్పుకోవడం. 'అగం' అని పేరు పెట్టుకున్నవారికి ఇది అందకపోవడం ఆశ్చర్యమే.

పూర్తి నింద వారి మీద వేయలేను. కచేరీ సంప్రదాయం ఈ కీర్తనను ఎప్పుడో 'బంటురీతి కొలు' చేసింది. నిజానికి మాట 'కొలువు'. దాని చివరి ఉకారం లోపించి, 'ఇవ్వు' అనే అర్థంగల క్రియ దానికి అతుక్కుంటుంది. తాళం ఆ కలిసిన మాటను 'కొలు' దగ్గర కోస్తుంది. మిగిలిన సగం ఏదో తెలియని క్రియలాగా వినిపిస్తుంది. కచేరీ పట్టికలలో సైతం ఆ సగం మాటే అచ్చవుతుంది. తమిళనాట నవరాత్రి బొమ్మలకు 'కొలు' అన్న మాట ఉంది కనుక అక్కడివారికి అది పూర్తి మాటగానే తోచవచ్చు. బృందం తమకు అందిన పాఠాన్ని అందినట్లు పాడింది. స్వరానికి చూపిన శ్రద్ధలో నాలుగో వంతు మాటకు చూపి, విరుపును ఒక్క అక్షరం జరిపి ఉంటే, వెనక అన్ని డ్రమ్ములున్నాయి, కాలం నిలబెట్టడానికి ఇబ్బంది ఉండేది కాదు.

మా విద్యార్థినికి ఈ సంధి సంగతి చెప్పి, బంట్రోతు అనే మాటలో ఉన్న బంటే ఇతడూ అన్నాను. ఆమె కాసేపు ఊరుకుంది. మర్నాడు వచ్చి, తాలూకాఫీసులో ఇత్తడి బిళ్ల పెట్టుకొని తిరిగిన తన ముత్తాతను ఊరంతా బంట్రోతు రామన్న అనే పిలిచేదని అవ్వ చెప్పిందంది. ఆ బిళ్ల ఇంట్లో ఎక్కడో ఉండాలట. సెలవులకు వెళ్లినప్పుడు వెతుకుతానంది.