వ్యాసానికి పది, అనువాదగ్రంథానికి ఎనిమిది: తెలుగు పరిశోధనవ్యాసంపై అంకెల ఒత్తిడి

కీలకపదాలు: పరిశోధనవ్యాసం, కేర్ జాబితా, యువ అధ్యాపకులు, పాఠపరిష్కరణ, అనువాదం.

2025 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) కేర్ జాబితాను నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. ఆ వారంలో ఈ వ్యాసకర్తకు పరిశోధకుల నుండి వచ్చిన ఫోన్లన్నింటిలోనూ ప్రశ్న ఒక్కటే: “మేడమ్, ఇప్పుడు వ్యాసం ఎక్కడ వేస్తే చెల్లుతుంది?” రాసినదాన్ని ఒకసారి చూసిపెట్టమని ఎవరూ అడగలేదు. చెల్లుబాటు అనేది నోట్లకూ చెక్కులకూ వాడే మాట. అది పరిశోధనవ్యాసానికి ఎలా అంటుకుందో, అంటుకున్నాక వ్యాసరూపాన్ని ఏం చేసిందో పరిశీలించడం ఇక్కడి ఉద్దేశం.

జాబితా పోయినా పట్టిక పోలేదు. 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయాల్లో సహాయాచార్య పదవికి అభ్యర్థులను వడపోసేటప్పుడు ఒక్కొక్క ప్రచురణకు 2 మార్కులు, గరిష్ఠంగా 10. అంటే అయిదు వ్యాసాలు. ఆరవ వ్యాసానికి విలువ లేదు. అయిదింటిలో ఒకటి అసాధారణమైనదైనా దానికి అదనంగా వచ్చేదీ లేదు. సిద్ధాంతగ్రంథం సమర్పించడానికి ముందు వ్యాసం ప్రచురించి తీరాలన్న నియమాన్ని 2022 పిహెచ్.డి. నిబంధనలు తొలగించాయి. అది మంచి సవరణే. కాని ఉద్యోగద్వారం దగ్గర అదే లెక్క ఉన్నంతకాలం పరిశోధకుడికి ఆ వెసులుబాటు కాగితం మీదిదే.

ఈ లెక్క మన వ్యాసాలలో స్పష్టంగా కనిపిస్తుంది. “ఫలానా కథలు - మానవసంబంధాలు”, “ఫలానా నవల - సామాజికస్పృహ” వంటి శీర్షికలు మనందరికీ పరిచితమే. మొదట ప్రక్రియకు నిర్వచనం, తరువాత రచయిత జననం, తల్లిదండ్రుల పేర్లు, అందుకున్న పురస్కారాలు. ఆపైన కథాసంగ్రహం. చివర రచయిత సమాజాన్ని చక్కగా చిత్రించారన్న నిర్ధారణ. ఇందులో ప్రతిపాదన లేదు కనుక ఖండించడానికీ ఏమీ ఉండదు. శీర్షికలోని రచయిత పేరు మార్చినా వ్యాసం అలాగే నిలబడుతుందంటే అది ఆ రచయితను చదివి రాసినది కాదన్నమాట. ఈ మాటలు ఎవరినో ఉద్దేశించి అంటున్నవి కావు. ఈ వ్యాసకర్త కూడా గంటల లెక్కన జీతం తీసుకుంటూ పాఠాలు చెప్పిన రోజుల్లో తన సిద్ధాంతగ్రంథం నుండి ఒక్కొక్క అధ్యాయాన్ని కోసి వ్యాసాలుగా పంపినదే. వాటిలో రెండింటిని ఇప్పుడు విద్యార్థులకు చూపించడానికి మనసు రాదు. ఒకదానిపై వచ్చిన సమీక్షకుని అభిప్రాయమంతా అచ్చుతప్పుల పట్టికే. వాదన సరిపోలేదని అప్పుడు ఒక్క మాట అని ఉంటే ఎంత మేలు జరిగేదో!

అసలు నష్టం మరొకచోట ఉంది. అవే 2018 నిబంధనల్లోని పరిశోధన స్కోరు పట్టికలో భాషా, మానవీయ శాస్త్రాల వ్యాసానికి మూలాంకం 10. ఒక పూర్తి గ్రంథాన్ని అనువదిస్తే 8. రెండేళ్లు కూర్చుని ఒక కన్నడ నవలను తెలుగులోకి తెచ్చిన అధ్యాపకుడు పది పుటల వ్యాసం రాసినవారికంటే రెండు అంకెలు వెనుకబడతాడు. ఇంతకన్నా విడ్డూరం పాఠపరిష్కరణ సంగతి. ఆ మాటే పట్టికలో లేదు. సంపాదకత్వం కింద చేర్చితే జాతీయస్థాయి ప్రచురణకు 8 వస్తాయి. సదస్సు పత్రాలను పోగుచేసి సంకలనం వేసినా ఆ ఎనిమిదే. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని వెలికితీసి ప్రకటించినందువల్ల ఆ కవి నన్నయకు ముందువాడా, తరువాతివాడా అన్న చర్చ దశాబ్దాలపాటు సాగింది. సాహిత్యచరిత్ర రచయితలందరూ దానికి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. అటువంటి పనికి నేటి లెక్కలో దక్కేది ఒక వ్యాసానికన్నా తక్కువ. తంజావూరు సరస్వతీమహలులోనూ చెన్నై, తిరుపతి, హైదరాబాదు భాండాగారాల్లోనూ ఉన్న తాళపత్రాల వైపు ముప్పై ఏళ్లలోపు పరిశోధకులు ఎందుకు పోవడం లేదని పెద్దలు తరచూ బాధపడతారు. లిపి చదవడం నేర్చుకోవడానికే ఏడాది పడుతుంది. ఆ ఏడాదిలో ఆ అయిదు వ్యాసాలూ పూర్తవుతాయి.

2025 జనవరిలో యు.జి.సి. విడుదల చేసిన ముసాయిదా ఈ అంకెలను పక్కనపెట్టి, విశిష్ట కృషిని గుర్తించే తొమ్మిది రంగాలను ప్రతిపాదించింది. వాటిలో భారతీయ భాషల్లో బోధనకు కూడా చోటు ఉంది. తెలుగు శాఖలవారు దీనికి సంతోషించడం సహజం. అయితే అంకెలు తీసివేస్తే మిగిలేది ఎంపికసంఘం అభిప్రాయం. పరిచయాలు లేని అభ్యర్థికి పట్టిక, ఎంత మొరటుదైనా, చేతిలో ఒక ఆధారం. ఈ కారణంగా పాత పట్టికను తిట్టే యువ అధ్యాపకులే దానిని పూర్తిగా తీసివేయడానికి జంకుతున్నారు. వారి భయాన్ని స్వార్థమని కొట్టిపారేయలేము.

ఆ ముసాయిదాలోనే మరొక మార్పు ఉంది. దానిపై మన శాఖల్లో చర్చ తక్కువ. ఒప్పంద అధ్యాపకులు మొత్తం పదవుల్లో పదిశాతానికి మించరాదని 2018 నిబంధనలు పెట్టిన పరిమితి అందులో కనిపించదు. ప్రతి ఏడాదీ పునర్నియామక ఉత్తర్వు కోసం ఎదురుచూసే అధ్యాపకుడు తంజావూరులో నెలరోజులు ఉండి ప్రతులు సరిచూడడానికి సెలవు ఎవరిని అడగాలి? ఆ నెల జీతం ఎవరిస్తారు? కేర్ జాబితా స్థానంలో పత్రికల నాణ్యతకు ప్రమాణాలు సూచించిన యు.జి.సి., వాటిని ఆధారం చేసుకొని విద్యాసంస్థలే సొంత విధానం ఏర్పరచుకోవాలని చెప్పింది. అంటే బంతి ఇప్పుడు మన పాఠ్యప్రణాళికా సంఘాల, పరిశోధన సంఘాల ముందే ఉంది. పరిష్కృతప్రతికీ, అనువాదగ్రంథానికీ వ్యాసంకన్నా ఎక్కువ విలువ కట్టే తీర్మానాన్ని ఒక తెలుగు శాఖ తన సమావేశంలో ప్రవేశపెట్టి చూడవచ్చు.