రేఖాముఖచిత్రములు – రాజకీయార్థము

ముఖచిత్రమునకు పోలికయే ప్రాణమనియు, అందు సంఘమును, రాజకీయమును వెదకుట విమర్శకుని చాపల్యమనియు కొందరందురు. ప్రాచీన రోమను శిల్పము నాదర్శముగ గొన్న నవ్యసంప్రదాయ చిత్రకారులలో అగ్రగణ్యుడగు జాక్ లూయీ దావీదు (1748–1825) రచించిన రెండు రేఖాచిత్రముల నాధారముగ గొని ఈ ఆక్షేపమును పరిశీలింతము.

మొదటిది 1793 అక్టోబరు 16న వధ్యస్థానమునకు కొనిపోబడుచున్న రాణి మారీ ఆంత్వానెత్ చిత్రము. ఇది పారిసులోని లూవ్రు ప్రదర్శనశాలయందున్నది. కొలది సిరాగీతలు, పార్శ్వముఖము, వెనుకకు కట్టిన చేతులు, సామాన్యమగు టోపీ. రాచరికమును తెలుపు చిహ్న మొక్కటియు లేదు. రాజునకు మరణశిక్ష విధింప సమ్మతి నిచ్చిన సభ్యుడే ఈ గీతలు గీసెను. అయినను ఆమె వెన్ను నిటారుగనే యున్నది. చిత్రకారుని పక్షమొకటి, కంటి సాక్ష్య మొకటి. రెండును ఒకే రేఖలో నిలిచినవి.

రెండవది 1795 నాటిది. రొబెస్పియరు పతనానంతరము దావీదే ఖైదీ యయ్యెను. ప్రజారక్షణ సమితిలో పూర్వసభ్యుడగు జాంబోన్ సేంతాంద్రేను ఆతడు చెరలోనే చిత్రించెను. ఇదియు పార్శ్వముఖమే, కాని రోమను నాణెముపై చక్రవర్తివలె వృత్తమున నిమిడినది. చేతులు రొమ్ముపై కట్టుకొనబడినవి. సంకెలలో నుండి చేసిన స్నేహోపహారమని లాటిను లేఖనము తెలుపుచున్నది.

అయితే వృత్తము దావీదు కల్పన కాదు. కొషాన్ మొదలగువారు రాచరికకాలముననే ప్రముఖుల నట్లు చిత్రించిరి. రాణి చిత్రము త్వరలో గీసినది గాన, అందు వృత్తము లేకుండుట అవమానార్థమనియు చెప్పరాదు. కావున రూపమును మాత్రమే చూచి అర్థమును నిర్ణయించుట తొందరపాటగును. దానిని ఎవరికి, ఎప్పుడు, ఎచట వాడిరనునదే ప్రమాణము. అధికారము పోయినవానికి చెరసాలలో గౌరవముద్ర నొసగుటయే ఇందలి రాజకీయమని మా యభిప్రాయము.

దావీదు శిష్యుడగు ఆంగ్ర్ విషయమున ఇదియే సామాజికార్థమగును. 1815లో నెపోలియను పతనముతో రోములోని ఫ్రెంచి అధికారుల పోషణము తొలగగా, ఆతడు ఆంగ్ల యాత్రికులు మున్నగువారిని పెన్సిలుతో చిత్రించి జీవించెను. ముఖములను సూక్ష్మచ్ఛాయలతో తీర్చి, ఉడుపులను శీఘ్రరేఖలతో ముగించినను, కోటు కుట్టును టోపీ తీరును వారి అంతస్తును తెలుపకపోవు.

1948లో నిజామాబాదు ఖిల్లా చెరసాల గోడపై దాశరథి కృష్ణమాచార్యులు బొగ్గుతో పద్యములు వ్రాసిన వృత్తాంతము మెండోర మొదలు బోధను వరకు గల పాఠకులకు సుపరిచితము. ఈ సామ్యమును మితిమీరి సాగదీయరాదు. కవి నిరంకుశత్వము నెదిర్చినవాడు. దావీదు నిన్నటి వరకు తానే అధికారి. మరియు పద్యము తన ధిక్కారమును తానే పలుకును, రేఖ పలుకదు. కావుననే రేఖను చదువువాడు కాలమును, స్థలమును, చేతికందిన సాధనమును తోడు తెచ్చుకొనవలెను. అవి లేని వ్యాఖ్య ఊహ మాత్రము. అవి యున్నచో పోలికయే చరిత్రకు సాక్ష్యమగును.