మైమరపు – ఎఱుక

తెలుగున మైమరపు అను మాట ప్రశంసగానే వాడుకలో నున్నది. పాట విని మైమరచితిమందుము. భజనలో మైమరచిన వానిని ధన్యుడందుము. కల్లు త్రాగి మైమరచిన వానిని మాత్రము నిందింతుము. మూడింటను మాట యొక్కటే. మామూలు మనఃస్థితిని విడిచి వేఱొక స్థితిలోనికి పోవుటవలన మనుష్యునకు గలుగు లాభమేమి? లాభమిది, నష్టమిది యని యెంచుటకు గీటురాయి యెయ్యది? ఈ ప్రశ్నకు మన గుంటూరు సీమలో క్రీస్తుశకము 2వ శతాబ్దినాటి శిల్పి యొకడు రాతిలో సమాధానము చెప్పియున్నాడు. ఆ సమాధానమును, అందలి కొఱతను విమర్శించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

కృష్ణ కుడియొడ్డుననున్న అమరావతి మహాచైత్యమును గూర్చి వినని గుంటూరువారుండరు. దాని శిలాఫలకములు కొన్ని లండనులోను, కొన్ని చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియములోను ఉన్నవి. చెన్నపట్టణమున నున్నవానిలో నొక వర్తులఫలకము నాలాగిరి యను ఏనుగు కథను చూపును. దేవదత్తుడు బుద్ధుని చంపింపగోరి రాజగృహ వీథిలోనికి ఆ యేనుగును వదలించెనట. అంతకుముందు దానికి కల్లు పట్టించిరని జాతకకథ. శిల్పి యా కథలోని రెండు ఘట్టములను ఒక్క వలయములోనే యిమిడ్చెను. ఒక ప్రక్క ఏనుగు జనులను త్రొక్కుచు వచ్చుచున్నది. రెండవ ప్రక్క అదే యేనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లినది. వీథిలో కలవరపడు జనము. పైన గవాక్షములనుండి చూచువారు.

ఈ ఫలకమున మేము మెచ్చునది శిల్పి ఎంచుకొనిన చోటు. మత్తెక్కిన యేనుగునకు ఆ నిమిషమున బాధ లేదు. బాధయంతయు వీథిలోని వారిది. ఏనుగు మనస్సులో నేమి జరిగినదో చూపుటకు శిల్పి యత్నింపలేదు. వీథిలో నేమి జరిగినదో చూపెను. త్రాగినవానిని అడిగినచో తన స్థితి స్వర్గమనియే చెప్పును. దాని వెల తెలిసినది ఆతని భార్యకు. ప్రకాశమునకు దక్షిణముననున్న నెల్లూరు జిల్లాలో, దూబగుంట స్త్రీలు 1992లో సారాపై తిరుగబడి ఈ తీర్పునే చెప్పిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట ప్రాకి 1993లో సారా నిషేధమునకును, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసెను. 1997లో ఆ నిషేధము సడలింపబడెను గాని, ఆ స్త్రీలు చెప్పినది అసత్యము కాలేదు.

అట్లని మామూలును దాటిన ప్రతి స్థితియు మత్తేయనుట తొందరపాటు. కార్తికమున కారెంపూడిలో పల్నాటి వీరుల తిరునాళ్ళు జరుగును. అచట వీరుల యాయుధములు మోయువారికి ఆవేశము కలుగుట కలదు. సంస్కారప్రియులు కొందఱు పూనకమును వట్టి మౌఢ్యమని త్రోసివేయుదురు. మేమట్లు త్రోసివేయజాలము. దానికొక తిథి, ఒక చోటు, కనిపెట్టియుండు జనము కలరు. తిరునాళ్ళతో నది ముగియును. అయినను పూనకము దిగినవానికి తానేమి పలికెనో జ్ఞాపకముండదందురు. జ్ఞాపకము లేనిచో, ఆ యనుభవమునుండి రేపటి బ్రతుకునకు తెచ్చుకొనగలిగినది స్వల్పము.

ఇచటనే శిల్పమందలి కొఱతయు తెలియును. క్రోధమును చూపినాడు, శాంతిని చూపినాడు. మొదటిదానినుండి రెండవదానికి పోవు దారిని చూపలేదు. అది బుద్ధుని మైత్రీప్రభావమని కథ. మన వీథిలో బుద్ధుడు లేడు గదా!

ఆ దారిని చెప్పునది పాళీభాషలోని సతిపట్ఠాన సుత్తము. దీఘనికాయమునందును, మజ్ఝిమనికాయమునందును ఇది కలదు. సతి యనగా సంస్కృతమున స్మృతి. మనము ఎఱుక యనవచ్చును. శరీరము, వేదన, చిత్తము, ధర్మములు అను నాలుగింటియందు ఎఱుక నిలుపవలెనని దాని బోధ. ఇందు వేదన యనగా నొప్పి మాత్రమే కాదు. సుఖము, దుఃఖము, రెండును కానిది, మూడును వేదనలే. నడచునపుడు నడచుచున్నానని, మనసున కోపమున్నపుడు కోపమున్నదని తెలిసికొనవలెను. అందలి ఉపమానములు మనకు పరాయివి కావు. దేహభాగములను వేఱువేఱుగా పరిశీలించువానిని, వడ్లు, పెసలు, నువ్వులు కలసిన సంచి విప్పి ఏవి యెవ్వో గుర్తించువానితో పోల్చినారు. రైతింట ఈ పోలిక తెలియనివారెవరు? ఇందు మైమరపునకు తావు లేదు. సాధనకు మొదటి మెట్టే మేను.

వేసవిలో గుంటూరు మిరపకళ్ళమున తొడిమలు తీయు స్త్రీని తలపుడు. సాయంకాలమునకు చేతులు మండును, కన్నులు మండును. ఇల్లు చేరిన తోడనే, అన్నమడిగిన బిడ్డను కసరును. మంట చేతులది, కసరు బిడ్డది. ఈ రెంటి నడుమ నొక్క నిమిషమున్నది. దానిని కనిపెట్టగలిగినచో బిడ్డకు కసరు తప్పును, తల్లికి పశ్చాత్తాపము తప్పును. శిల్పి చూపక విడిచిన నడిమి చోటిదియే.

ఈ సాధనకు నేడు లోకమంతట ఆదరము కలిగినది. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున జాన్ కబట్-జిన్ 1979లో దీనిని రోగుల కొఱకు పాఠముగా నేర్పరచెను. హైదరాబాదు చెంత గోయెంకాగారి సంప్రదాయమున 1976లో ధమ్మఖేత్త వెలసెను. అచట రుసుము లేకయే పదిదినములు మౌనముతో సాధన నేర్పుదురు. మంచిదే. కాని పదిదినములు ఇల్లు విడిచిపోగలిగిన కోడండ్రు మన పల్లెలలో నెందఱు? యజమాని ధ్యానమునకు పోయి శాంతుడై వచ్చువఱకు పశువులను, ముసలివారిని చూచిన యామె శాంతిని గూర్చి యడుగువారెవరు? తీవ్రమైన మనోవ్యాధి గలవారికి దీర్ఘమౌనసాధన కీడు చేయుటయు కలదు. అట్టివారు వైద్యుని యడిగియే పోవలెను.

వేఱొక యపాయము కలదు. పత్తి పంట పోయి అప్పు పెరిగిన రైతునకు, ఊపిరిని గమనింపుమని చెప్పి ఊరకుండుట ధర్మము కాదు. ఆతనికి గిట్టుబాటు ధర కావలెను, న్యాయమైన వడ్డీకి అప్పు కావలెను. బాధను బాధగా తెలిసికొనుట దానికి తలయొగ్గుట కాదు. దూబగుంట స్త్రీలు తమ బాధను బాధగా నెఱిగియే లేచినిలిచిరి.

కావున ఎఱుకను మేము మైమరపుకంటె మేలనుచున్నాము. అది మనుష్యుని ఇంటినుండి దూరముగా గొనిపోక ఇంటికే తెచ్చును గనుక. అది నిజముగా వచ్చినదో లేదో తెలియగోరు చదువరులు ధ్యానము చేసినవారిని ప్రశ్నింప బనిలేదు. ఆ యింటి బిడ్డలను, కోడలిని అడిగిన చాలును.