ఏ పూట తిన్నది?

షుగరు ఉన్నవాళ్లను కళ్లు చూపించుకున్నారా, కిడ్నీ పరీక్ష అయిందా, అరికాళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయా అని వైద్యులం అందరం అడుగుతాం. కడుపు సంగతి అడిగేవాళ్లం తక్కువ. అడిగినా వచ్చే జవాబు "గ్యాసండీ". అక్కడితో ఆగిపోకూడదని నా పట్టుదల. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందా? వాంతైతే అందులో ఏ పూట తిన్నది వచ్చింది? ఓపీ ఎంత రద్దీగా ఉన్నా ఈ రెండూ అడగందే మందు రాయను.

20 ఏళ్లుగా షుగరున్న ఒక పెద్దావిడ, "రాత్రి తిన్న గోంగూర పొద్దున వాంతిలో అట్లాగే పడింది డాక్టరుగారూ" అన్నారు. ఇన్సులిన్ వేసుకుని భోంచేశాక గంటకల్లా చెమటలు, వణుకు. అర్ధరాత్రి చూస్తే షుగరు 300. దొంగచాటుగా స్వీట్లు తింటోందని కొడుకు అనుమానం. ఆమె తప్పేమీ లేదు. ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగరు కాళ్ల నరాలను పాడుచేసినట్టే, జీర్ణాశయాన్ని కదిలించే వేగస్ నరాన్నీ దెబ్బతీస్తుంది. నాలుగు గంటల్లో దాదాపు ఖాళీ కావలసిన పొట్ట నిండే ఉంటుంది. ఇన్సులిన్ వేళకు పనిచేస్తుంది, అన్నం మాత్రం పేగులోకి దిగదు, షుగరు పడిపోతుంది. అన్నం దిగేసరికి ఇన్సులిన్ బలం అయిపోతుంది.

1958లో కసాండర్ అనే వైద్యుడు దీనికి గ్యాస్ట్రోపరేసిస్ అని పేరు పెట్టాడు. ఆయన వర్ణించినవాళ్లకు పొట్టలో బాధలే లేవు. అందుకే కారణం అంతుబట్టకుండా షుగరు ఎక్కుతూ దిగుతూ ఉంటే పొట్టను అనుమానిస్తాను. ఎండోస్కోపీలో అడ్డేమీ లేదని తేలాకే గ్యాస్ట్రోపరేసిస్ అన్న మాట అంటాను.

తిండి మార్చమని చెప్పడమే కష్టం. జొన్నరొట్టె, రాగి సంగటి, ఆకుకూరలు తినమని ఇన్నాళ్లూ చెప్పింది మేమే. పీచూ నూనే ఈ పొట్టలోంచి ఒక పట్టాన కదలవు. మెత్తటి అన్నంలో పెసరకట్టు, ఇడ్లీ, పలచటి మజ్జిగ, అదీ కొంచెం కొంచెంగా ఐదారుసార్లు. "అన్నం తింటే షుగరు పెరగదా?" అని ఆ పెద్దావిడ భయపడ్డారు. ఆ భయం న్యాయమైనదే. కొడుకును పక్కన కూర్చోబెట్టి, ఇన్సులిన్ వేళలూ మోతాదూ మార్చి రాసిచ్చాను.

చెప్పడానికి సిగ్గుపడేది ఇంకొకటుంది: రాత్రుళ్లు నిద్రలేపే విరేచనాలు. పేగుల నరాలు దెబ్బతిన్నా వస్తాయి, షుగరుకు వేసుకునే మెట్‌ఫార్మిన్ బిళ్ల వల్లా వస్తాయి. బిళ్ల ఎప్పుడు మొదలుపెట్టారో, విరేచనాలు ఎప్పుడు మొదలయ్యాయో పక్కపక్కన పెట్టి చూస్తాను. బిళ్లే కారణమైతే, మోతాదు తగ్గించినా, నెమ్మదిగా కరిగే రకానికి మార్చినా చాలామందికి సర్దుకుంటుంది.