గుల్ల తాగిన నీళ్లు

మా మీర్‌పేట్‌లో చెరువులున్నాయి గానీ సముద్రం లేదు. అందుకే భీమిలి వెళ్లి గుల్లలు ఏరుకొస్తానంటే మా ఆవిడ నవ్వింది. "మార్కెట్లో రొయ్యలు ఏరడమే రాదు మీకు!" అయినా శనివారం సాయంత్రం ఎల్బీ నగర్‌లో విశాఖ బస్సెక్కాను. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోటికి చేరేసరికి పొద్దున్న ఎనిమిది దాటింది.

చేతిలో కొత్త బకెట్, పెరటి మొక్కలకు వాడే చిన్న పార, చేతులకు తొడుగులు. నన్ను నేను చూసుకుంటే నాకే ముచ్చటేసింది. నీళ్లలో నడుముదాకా దిగి ఉన్న ఆడవాళ్ల దగ్గర ఇవేవీ లేవు. తాడుతో నడుముకు కట్టుకున్న సత్తు గిన్నె ఒక్కటి వాళ్ల వెనకే తేలుతూ వస్తోంది.

"ఇయ్యాల అష్టమి కద బాబూ, నీరు దిగదు. అమాసకో పున్నానికో రావాల" అంది అందులో పెద్దావిడ.

మా వంటింట్లోనూ క్యాలెండర్ ఉంది. అందులో నేను చూసింది ఆదివారం ఎర్ర అంకె. దాని కిందే చిన్న అక్షరాల్లో ఉన్న తిథిని చూడలేదు. అమావాస్య, పున్నములకు సూర్యచంద్రులు ఒకే వరుసలోకి వచ్చి సముద్రాన్ని కలిసి లాగుతారు. అప్పుడు పోటు బాగా ఎక్కుతుంది, పాటు బాగా దిగుతుంది. అష్టమినాడు ఆ ఇద్దరి లాగుడూ అడ్డదిడ్డం. నీరు తీసీ తీయనట్టు తీస్తుంది. పైగా పాటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ ఉంటుంది. నా సెలవుతో దానికి పనేముంది?

"వచ్చావు కాబట్టి దిగు" అందావిడ. "పార ఒడ్డున పడేయ్. కాళ్లతో సూడు."

కాళ్లతో చూడటమే ఈ పనిలో మొదటి పాఠం. మడమ మీద బరువు ఆన్చి, వేళ్లను ఇసుకలోకి దింపి మెల్లగా కదపాలి. రాయి తగిలితే గరుకుగా ఉంటుంది. గుల్ల నున్నగా, గుండ్రంగా, సబ్బుబిళ్ల అంచులా తగులుతుంది. వంగి తీశాక మళ్లీ పరీక్ష. మూతి బిగించుకుని బరువుగా ఉంటే బతికున్నట్టు. మూతి తెరిచి ఉండి, తట్టినా మూసుకోకపోతే చచ్చినట్టు. తడితే మొద్దుగా మోగేది ఉత్త బురద గుల్ల. బొటనవేలి గోరంత పిల్లల్ని వదిలేయాలి.

గంటలో ఆవిడ గిన్నె నిండింది. నా బకెట్లో పదకొండు. వాటిలో మూడు బురదవేనని ఆవిడ చేత్తో పట్టుకోగానే తేల్చేసింది.

కాస్త అవతల ఊరి కాలవ ఒకటి వచ్చి కలుస్తోంది. అక్కడ మనుషులెవరూ లేరు, పోటీ ఉండదని అటు నడిచాను. వెనకనుంచి కేక వినిపించింది. "అటెల్లకు! ఆ కాలవ నీల్లు తాగిన గుల్ల మేం తినం!"

గుల్ల వేటాడదు. నీళ్లను లోపలికి పీల్చి, అందులోని నాచునలుసుల్ని వడగట్టుకుని, మిగతాది బయటికి వదులుతుంది. రోజంతా లీటర్ల కొద్దీ నీళ్లు దాని ఒంట్లోంచి పోతాయి. నీళ్లలో మురుగు ఉంటే దాని క్రిములూ, విషముంటే ఆ విషమూ ఒంట్లోనే నిలుస్తాయి. చేప ఈదుకుంటూ తప్పించుకోగలదేమో. గుల్ల ఉన్నచోటే ఉండి, మనం ఏమి పోస్తే అది తాగుతుంది. కాకినాడ తీరపు బురదలో పెరిగే ఎర్రనెత్తురు గుల్లలదీ ఇదే బతుకు. మన నెత్తురులోని హిమోగ్లోబిన్ వాటిలోనూ ఉంటుంది.

ఆవిడే తన గిన్నెలోంచి రెండు దోసిళ్లు నా బకెట్లో పోసింది. ఇసుక కక్కేదాకా ఉప్పునీళ్లలో ఉంచమంది. ఉడికాక మూతి విప్పనివాటిని పారేయమంది. మధ్యాహ్నం భీమిలిలోనే బంధువులింట్లో ఉల్లిపాయ, చింతపండు వేసి ఇగురు పెట్టారు. అంత బకెట్‌కు మిగిలిన మాంసం గుప్పెడు. ఖాళీ చిప్పల్ని చూస్తుంటే మా నాయనమ్మ తమలపాకుకు రాసుకునే గుల్ల సున్నం గుర్తొచ్చింది. ఇలాంటి చిప్పల్ని కాల్చి చేసిందే కదా అది!

మర్నాడు సాయంత్రం, మీర్‌పేట్‌కు తిరిగొచ్చాక, మా పెద్ద చెరువు కట్ట మీద నడుస్తున్నాను. గుర్రపుడెక్క, దాని కింద కాలనీల మురుగు, దోమలు. ఒడ్డున ఓ నత్తగుల్ల కనిపించింది, ఖాళీది. ఈ చెరువులో నత్తలు ఏరి కూర వండుకున్న ఇళ్లు ఒకప్పుడు ఉండే ఉంటాయి. ఇప్పుడు దీని చుట్టూ వేల ఇళ్లున్నాయి, మాదీ అందులో ఒకటి. మా బాత్రూమ్ నీళ్లు చివరికి ఎటు పోతాయో ఇన్నేళ్లలో నేనెప్పుడూ కనుక్కోలేదు.

అలవాటైపోయిందేమో, కాలివేళ్లు ఒక్కసారి ఇసుక కోసం కదిలాయి. చెప్పులు మాత్రం విప్పలేదు.