ముందు 26, వెనక 29

1960ల నాటి పోర్షే 911తో పాటు యజమాని చేతికిచ్చిన పుస్తకంలో రెండు అంకెలు ఉంటాయి: ముందు టైర్లకు 26 పీఎస్‌ఐ, వెనక టైర్లకు 29. ఆ కారు మీద లావుపాటి గ్రంథాలు రాసినవాళ్లు కూడా ఈ రెండింటినీ ఒక్క వాక్యంలో దాటేస్తారు. ఆరు సిలిండర్ల ఇంజను కూతకూ, వీపు మీది ఒంపుకూ పేజీలకు పేజీలు కేటాయిస్తారు. నన్నడిగితే ఆ కారులోని అతి నాజూకు పనితనం ఆ మూడు పీఎస్‌ఐల తేడాలోనే ఉంది. అది కంటికి కనపడదు, ప్రదర్శనలో మెరవదు, అమ్మకపు ప్రకటనలో చోటు దక్కదు. అయినా మలుపులో ఆ కారును నిలబెట్టేది అదే.

911 బరువులో సుమారు 60 శాతం వెనక చక్రాల మీదే పడుతుంది. ఇంజను వెనక ఇరుసును కూడా దాటి వేలాడుతుంది. మలుపు మధ్యలో డ్రైవరు బెదిరిపోయి యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడా, తోక బయటికి విసురుకుంటుంది. ఈ గుణాన్ని మచ్చిక చేయడానికి హెల్ముట్ బోట్, పీటర్ ఫాల్క్ లాంటి టెస్టింగ్ ఇంజనీర్లు పడని పాట్లు లేవు. కొన్నాళ్లు ముందు బంపరు మూలల్లో ఒక్కోటి సుమారు 11 కిలోల ఇనుప దిమ్మలు దాచారు. 1969 మోడల్‌కి వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. ఒక్క బ్యాటరీకి బదులు రెండు పెట్టి ముందు మూలలకు చేర్చారు. అవన్నీ ఖర్చుతో కూడిన మందులు. మొదటి రోజు నుంచీ పైసా ఖర్చు లేకుండా పనిచేసిన మందు టైర్లలోని గాలి.

మలుపు తిరిగేటప్పుడు టైరు తాను చూసే దిక్కుకే నేరుగా పోదు. రబ్బరు మెలిపడి కొంచెం బయటికి జరుగుతుంది. చూసే దిక్కుకూ పోయే దిక్కుకూ మధ్య ఉండే ఆ చిన్న కోణాన్ని ఇంజనీర్లు స్లిప్ యాంగిల్ అంటారు. ఒక హద్దు వరకూ గాలి పెంచేకొద్దీ టైరు బిగుసుకుని ఆ కోణం తగ్గుతుంది, తగ్గించేకొద్దీ పెరుగుతుంది. వెనక టైర్ల కోణం పెద్దదైతే తోక తిరిగిపోతుంది, అది ఓవర్‌స్టీర్. ముందు టైర్లదే పెద్దదైతే ముక్కు బయటికి జారుతుంది, అది అండర్‌స్టీర్. రెండోది మామూలు డ్రైవరుకు క్షేమం. 1930ల్లో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఓలీ ఈ లెక్కను తేటతెల్లం చేశాడు. ముందు మూడు పీఎస్‌ఐ తక్కువ ఉంచమని పోర్షే వాళ్లు చెప్పిన మాట వెనక ఉన్నది ఈ జ్ఞానమే. కచేరీకి కూర్చున్న మృదంగ విద్వాంసుడు ఎడమ మూత మీద రవ్వముద్ద ఎంత ఉంచాలో వాయించి, విని తేల్చుకుంటాడే, టెస్ట్ డ్రైవర్లు ఈ అంకెల్ని అలా తేల్చారు.

ఆ తరం డ్రైవర్ల స్పర్శజ్ఞానానికి చేతులెత్తి మొక్కాలి. 1968 జనవరిలో విక్ ఎల్ఫర్డ్ 911టీతో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. మంచు, తడి తారు, పొడి తారు ఒకే రాత్రిలో ఎదురయ్యే కొండదారుల మీద, తోక బరువు కారుతో! ఆ మరుసటి రెండేళ్లూ స్వీడన్‌కు చెందిన బ్యోర్న్ వాల్డెగార్డ్ అదే ర్యాలీని 911తోనే గెలిచాడు. టైరు ఏం చెబుతోందో నడుముతో వినగలిగినవాళ్లు వీళ్లు.

ఇక స్టిర్లింగ్ మాస్. 1958 జనవరిలో అర్జెంటీనా గ్రాండ్ ప్రీ. పెద్ద ఇంజన్ల ఫెరారీలు ఒకవైపు, రాబ్ వాకర్ పంపిన బుల్లి కూపర్ ఒకవైపు. కూపర్ చక్రాలు బోల్టులతో బిగించినవి. వాటిని మార్చడానికి ఆగితే పందెం పోయినట్టే. మాస్ మనుషులు పిట్‌లో టైర్లు సిద్ధం చేస్తూ హడావుడి నటించారు. ఫెరారీ వాళ్లు, ఎలాగూ ఆగుతాడులే అని నింపాదిగా ఉన్నారు. మాస్ ఆగలేదు. రబ్బరు అరిగి లోపలి గుడ్డ బయటపడినా ఆ టైర్లనే బుజ్జగించి, లుయీజీ ముస్సో కంటే 2.7 సెకన్ల ముందు గీత దాటాడు. వెనక ఇంజను కారుకు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అదే తొలి విజయం. నాలుగు టైర్ల ప్రాణం ఎంత మిగిలిందో నాలుగింటికీ విడివిడిగా లెక్క కట్టగలిగిన మనిషి మాస్.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు పొందాడు. మిషెలిన్ సోదరులు 1895లో దాన్ని కారుకు తొడిగి పందెంలో దింపారు. క్రాస్‌ప్లై టైర్లలో దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. 1940ల చివర్లో మిషెలిన్ ఎక్స్ టైరుతో రేడియల్ యుగం మొదలైంది. దారాలు అడ్డంగా, పైన ఉక్కు పట్టీ. తర్వాత పిరెల్లీ చింతురాతో వచ్చింది. 1965లో మిషెలిన్ ఎక్స్‌ఏఎస్ వచ్చింది, లోపలి అంచు, బయటి అంచు వేర్వేరు నమూనాలతో. నేను ఎక్స్‌ఏఎస్ పక్షం. 165 వెడల్పు, 15 అంగుళాల రిమ్ము. సన్నగా, ఒద్దికగా ఉండే ఆ టైరు పాత 911కి సరిగ్గా సరిపోయినట్టు ఇంకేదీ సరిపోలేదని ఎవరితోనైనా వాదిస్తాను.

జాగ్వార్ వాళ్లది ఇంకో రకం నేర్పు. ఈ-టైప్ 1961 మార్చిలో జెనీవాలో విడుదలైంది. కారులో ఒక్కసారి తిరిగి చూడాలని జనం ఎగబడితే, ఇంకో కారు తెమ్మని కబురు వెళ్లింది. టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ కోవెంట్రీ నుంచి రాత్రంతా నడిపి తెల్లవారాక జెనీవా చేరాడు. ఆ కారు పుస్తకంలో డన్‌లప్ ఆర్‌ఎస్5 క్రాస్‌ప్లై టైర్లకు రెండు జతల అంకెలుంటాయి. మామూలు వేగాలకు ముందు 23, వెనక 25. గరిష్ఠ వేగానికి వెళ్లేముందు 30, 35. అంటే యజమాని తన ప్రయాణాన్ని ముందే ఊహించుకుని, అందుకు తగ్గట్టు గాలి పట్టించుకుంటాడని జాగ్వార్ నమ్మింది. యజమాని మీద అంత నమ్మకం ఇవాళ ఏ కంపెనీకి ఉంది?

సరే, మన చేతికి వచ్చిన పాత కారుకు సరైన గాలి ఎలా తేల్చుకోవాలి? మొదటి మెట్టు తయారీదారు పుస్తకం. టైరు గోడ మీద అచ్చైన అంకె ఆ టైరు తట్టుకోగల పరిమితిని చెప్పేది. మీ కారు బరువు దానికి తెలియదు, మీ ఇంజను ముందుందో వెనకుందో తెలియదు. అసలు టైర్లు క్రాస్‌ప్లై అయి, ఇప్పుడు రేడియల్ వేసి ఉంటే పాత అంకె వాడకూడదు. చాలా కంపెనీలు రేడియల్‌కు వేరే అంకెలిచ్చాయి. ఎంజీబీ రేడియల్ టైర్లకు ముందు 21, వెనక 24 అన్నది అలాంటిదే. అంకెలు ఎంత మారినా ముందుకూ వెనకకూ మధ్య తేడాను గౌరవించడం ముఖ్యం.

రెండోది, చల్లటి టైరుకే కొలత. తెల్లవారుజామున, కారు కదలకముందు, నీడలో. ఎండ పడ్డ వైపు టైరు అబద్ధం చెబుతుంది. మన దగ్గర ఇది మరీ అవసరం. జనవరి ఉదయం 15 డిగ్రీల చలిలో 27 పీఎస్‌ఐ పెట్టిన టైరు, మే నెలలో 40 డిగ్రీలకు వచ్చేసరికి ఎవరూ ముట్టుకోకుండానే 30 దాటుతుంది. మూడు పీఎస్‌ఐల తేడా మీద ప్రాణం పెట్టుకున్న కారుకు ఇది చిన్న విషయమా? అందుకే సొంత గేజి ఉండాలి. మంచి డయల్ గేజి ఒకటి కొని, ఎప్పుడూ దాంతోనే చూడాలి.

మూడోది వేడి పరీక్ష. అరగంట హుషారుగా నడిపి వచ్చి వెంటనే మళ్లీ కొలవాలి. పాతకాలపు మెకానిక్కుల లెక్క ప్రకారం నాలుగు పీఎస్‌ఐ పెరిగితే సరిగ్గా ఉన్నట్టు. అంతకంటే ఎక్కువ పెరిగితే మొదట పెట్టిన గాలి తక్కువైంది. టైరు అతిగా నలిగి వేడెక్కుతోందన్నమాట. తక్కువ పెరిగితే గాలి ఎక్కువైంది, టైరు పనిచేయడం లేదు.

నాలుగోది సుద్దముక్క. టైరు భుజం మీద, నేలను తాకే అంచు నుంచి గోడ వైపుకు గీతలు గీసి, తెలిసిన మలుపుల్లో నడిపి రావాలి. సుద్ద గోడ మీదికి కూడా చెరిగిపోతే టైరు ఒరిగిపోతోంది, గాలి చాలదు. భుజం దాకా కూడా చెరగకపోతే గాలి ఎక్కువ. పందేల వాళ్లు సూది థర్మామీటరును రబ్బరులోకి గుచ్చి లోపలి అంచు, మధ్య, బయటి అంచు కొలుస్తారు. మధ్య భాగం రెండు అంచుల కంటే వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్టు, అంచులు రెండూ వేడిగా ఉంటే తక్కువైనట్టు.

ఆ తర్వాత ఒక్కో పీఎస్‌ఐ, ఒకసారికి ఒక్క ఇరుసుకే మార్చుతూ, అదే రోడ్డు, అదే వేగం, నోటుబుక్కులో రాసుకుంటూ పోవాలి. ముందు ఒక్కటి పెంచితే స్టీరింగ్ చురుకవుతుంది. ఇంకొకటి పెంచితే తోక తేలికవుతుంది. ఆ రెండింటి మధ్య ఎక్కడో మీ కారు, మీ చేయి, మీ రోడ్డు కలుస్తాయి. వానకాలంలో మరీ తక్కువ గాలి ప్రమాదం. నాసాలో వాల్టర్ హార్న్ విమానం టైర్ల మీద చేసిన పరిశోధన ప్రకారం, నిలిచిన నీటి మీద టైరు తేలిపోయే వేగం గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ఆ సూత్రంతో లెక్క కడితే 25 పీఎస్‌ఐకి గంటకు సుమారు 83 కిలోమీటర్లు, 36కి సుమారు 100.

ఇంత విద్యను తుడిచిపెట్టేస్తున్నది ఒకే ఒక్క మాట: "నాలుగింటికీ సమానంగా కొట్టేయ్." వెనక ఇంజను షెవ్రొలే కార్వేర్ చరిత్ర చదివినవాళ్లకు ఈ మాట వింటే ఒళ్లు జలదరిస్తుంది. 1960 మోడల్‌గా వచ్చిన ఆ కారుకు కంపెనీ చెప్పిన చల్లటి కొలత ముందు 15, వెనక 26. ఏకంగా 11 తేడా! కారు నిలకడ భారమంతా ఆ తేడా మోసింది. బంకుల్లో కుర్రాళ్లకు ఆ సంగతి తెలియదు, యజమానులకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. 1965లో రాల్ఫ్ నాడర్ ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ తొలి అధ్యాయంలోనే ఈ కారును బోనులో నిలబెట్టాడు. 1972లో అమెరికా ప్రభుత్వ సంస్థ పరీక్షించి, ఆనాటి సాటి కార్ల కంటే ఇది ఎక్కువ ప్రమాదకరమేమీ కాదని తేల్చింది. అప్పటికే కార్వేర్ తయారీ ఆగిపోయి మూడేళ్లు. ఎవరూ చదవని రెండు అంకెలు ఒక కారు పేరునే ముంచేశాయి.

ఇవాళ జరుగుతున్నది అంతకంటే ఘోరం. అర కోటికి పైగా పోసి పాత కారు కొంటారు. రంగు అసలుదేనా అని భూతద్దం పెట్టి చూస్తారు. తర్వాత దానికి వెడల్పాటి, పొట్టి గోడల చవక టైర్లు తొడిగి, ముప్పై అయిదు కొట్టించి, స్టీరింగ్ బండబారిందని ఆ కారును నిర్మించినవాళ్లనే తిడతారు! ఎత్తయిన, మెత్తని టైరు గోడను కూడా స్ప్రింగుగా లెక్కలోకి తీసుకుని సస్పెన్షన్ గీశారు ఆ మహానుభావులు. దాన్ని తీసి పారేస్తే మిగిలేది కారు బొమ్మ. పైగా నైట్రోజన్ వ్యాపారం ఒకటి. మనం పీల్చే గాలిలో 78 శాతం నైట్రోజనే కదా! ఆ డబ్బుకు తోడు మరికొంత వేసుకుంటే మంచి గేజి వస్తుంది. చవక టైరు కంటే ప్రమాదం పాత టైరు. ప్రదర్శన కారు మైళ్లు తిరగదు కాబట్టి గీతలు నిగనిగలాడుతూనే ఉంటాయి, లోపల రబ్బరు మాత్రం చచ్చిపోయి ఉంటుంది. గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పదేళ్లు దాటితే దండం పెట్టి తీసేయండి.

బర్మింగ్‌హామ్‌లోని ఫోర్ట్ డన్‌లప్‌లో రేసింగ్ టైర్ల తయారీ 2014లో ఆగింది. మెల్క్‌షమ్‌లోని ఏవన్ కర్మాగారం 2023 చివరికి మూతపడింది. ఆ చేతుల్లోని నేర్పు మళ్లీ రాదు. అదృష్టం కొద్దీ మిషెలిన్, పిరెల్లీ ఇంకా పాత కొలతల్లో, పాత నమూనాల్లో టైర్లు పోస్తున్నాయి. వాటి ధర ఎక్కువే. కానీ మనం కొనకపోతే ఆ అచ్చులు కూడా తుక్కులోకి పోతాయి. ఎక్స్‌ఏఎస్‌ను బతికించే బాధ్యత దాన్ని పొగిడే మనదే.

పాత కార్ల క్లబ్బులకు నా విన్నపం ఒక్కటే. క్రోమ్ మెరుపుకూ, తోలు సీట్లకూ మార్కులు వేస్తున్నారు, వేయండి. న్యాయనిర్ణేత చేతికి ఒక గేజి కూడా ఇవ్వండి. ప్రదర్శనకు వచ్చిన ప్రతి కారు నాలుగు టైర్లనూ కొలిపించండి. వెనక ఎంత, ముందు ఎంత, ఎందుకు అని యజమానిని అడిగించండి. జవాబు చెప్పగలిగినవాడికే కప్పు ఇవ్వండి. పాత కారును కాపాడుతున్నానని చెప్పుకునే అర్హత ఆ జవాబుతోనే మొదలవుతుంది.