అంకెల కంఠహారం

27994681ని 441తో గుణించండి. వచ్చేది 12345654321. ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి, మళ్లీ ఒకటికి దిగే వరస. ఎటు నుంచి చదివినా ఒకటే.

ఈ లెక్క ఇప్పటిది కాదు. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో, క్రీ.శ. 850 ప్రాంతంలో, మహావీరాచార్యుడు రాసిన ‘గణితసారసంగ్రహం’లో అభ్యాసాల మధ్య ఉంది. ఇలాంటి లబ్ధాలను ఆయన మెడలో వేసుకునే హారాలతో పోల్చాడు. 152207ని 73తో గుణిస్తే ఎనిమిది ఒకట్లు. 142857143ని 7తో గుణిస్తే 1000000001, రెండు కొసల్లో రెండు ఒకట్లు, నడుమ అన్నీ సున్నాలు.

ఈ హారం గుచ్చిన దారం ఎక్కడుంది? 441 అంటే 21 వర్గం. 27994681 అంటే 5291 వర్గం. 21ని 5291తో గుణిస్తే 111111. అంటే మన సంఖ్య ఆరు ఒకట్ల వర్గమే. కాగితం మీద 111111ని ఆరుసార్లు, ఒక్కో స్థానం జరుపుతూ, కిందకి కిందకి రాసి కూడండి. నిలువు వరసల్లో ఒకటి, రెండు, మూడు... నడిమి వరసలో ఆరు ఒకట్లు పడతాయి. ఏ వరసా పదికి చేరదు కాబట్టి పక్క స్థానానికి ఏమీ పోదు. ఒకట్లు తొమ్మిది దాకా ఇదే అందం. పది ఒకట్లు పెడితే నడిమి వరస పది అవుతుంది, హారం తెగుతుంది: 1234567900987654321.

111111 కారణాంకాలు 3, 7, 11, 13, 37. ఐదూ ప్రధాన సంఖ్యలే. దాని వర్గంలో ఒక్కొక్కటి రెండుసార్లు వస్తుంది. అందుకే 12345654321ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు 243 ఉన్నాయి. వాటిలో ఒక జంటను ఎంచుకున్నాడు ఆచార్యుడు. ఆ ఎంపికలోనే ఆయన పనితనం కనిపిస్తుంది. ఒక్క అంకె తప్పినా హారం చెదురుతుంది, శిష్యుడికి తన తప్పు తానే తెలుస్తుంది. బోధనలో ఇంతకు మించిన ఉపాయం నాకు తెలియదు.

ఆనాటి పద్ధతిలో సంఖ్యలను మాటల్లో చెప్పేవారు: చంద్రుడంటే ఒకటి, నేత్రాలంటే రెండు, అగ్నులంటే మూడు, వేదాలంటే నాలుగు, బాణాలంటే ఐదు, ఋతువులంటే ఆరు. మన శాసనాల్లో శక సంవత్సరాలను ఇలా చెప్పినవి ఎన్నో. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోవాలి. ఈ హారాలు ఎటు నుంచి చదివినా ఒకటే కాబట్టి, వీటికి మాత్రం ఆ జాగ్రత్త అక్కర్లేదు.

మహావీరాచార్యుడి గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. గణితానికి తెలుగు చాలదనుకునేవాళ్లు ఆ పుస్తకం ఒకసారి తెరిచి చూడాలి. ఇంట్లో గుణకారం నేర్చుకునే పిల్లలుంటే, ఈ రాత్రికే క్యాలిక్యులేటర్ పక్కన పెట్టించి, 152207ని 73తో గుణించమనండి. జవాబు మాత్రం ముందే చెప్పకండి.